హ్యావ్‌కి ‘ఎప్పుడు’ ఉండదు

మా మావయ్య లోకంలో ఏ తప్పునైనా క్షమిస్తాడు గానీ, ‘యస్టర్‌డే’ పక్కన ‘హ్యావ్’ కనిపిస్తే మాత్రం క్షమించడు. బస్సులో కాలు తొక్కితే ఫరవాలేదంటాడు. గొడుగు పట్టుకెళ్ళినవాడు తిరిగివ్వకపోతే, పోనీలే పాపం, వాడి మీదా వాన పడుతుంది కదా అంటాడు. కానీ ఎవరైనా ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యస్టర్‌డే’ అన్నారా, ఇక అయిపోయినట్టే. ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా ఆగిపోయి, “యస్టర్‌డేకి హ్యావా?” అని గర్జిస్తాడు. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండే ఆ మనిషిలోంచి అంత గొంతు ఎలా వస్తుందో మాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఆయన్ని అందరూ హ్యావ్ మాస్టారు అంటారు. మా తాళాల షాపు మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెబుతాడు. కింద మా నాన్న తాళంచెవులు అరగదీస్తుంటే, పైన మావయ్య జనం నాలుకలు అరగదీస్తుంటాడు. రెండు శబ్దాలూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగుతూనే ఉంటాయి. మధ్యలో కౌంటర్ దగ్గర కూర్చుని రెండింటినీ భరించేది నేను.

ఒకసారి జ్వరం వస్తే మావయ్యని క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నర్సు ఇంజక్షన్ చెయ్యబోతూ, పేషెంట్ ఇంగ్లీషు మాస్టారు కదా అని గౌరవించి, “హ్యావ్ యూ టేకెన్ ఎనీ టాబ్లెట్ లాస్ట్ నైట్?” అని అడిగింది. మావయ్య చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. లాస్ట్ నైట్ అంటే ఆ రాత్రి గడిచిపోయింది గనక ‘డిడ్ యూ టేక్’ అనాలని, ఒళ్ళు కాలిపోతున్నా సరే, ఆవిడకి ఉదాహరణలతో సహా వివరించాడు. ఆవిడ ఓపిగ్గా అంతా వింది. విని, ఇంజక్షన్ చేతికి కాకుండా ఇంకోచోట, కాస్త గట్టిగానే పొడిచింది. కుంటుకుంటూ ఇంటికొస్తూ, “ఆవిడకి బాగా అర్థమైందే” అన్నాడు మావయ్య ఎంతో తృప్తిగా.

ఆ పాఠం నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. తెలుగులో మనకి ఒక్క ‘వచ్చాడు’తో సంసారం గడిచిపోతుంది. వచ్చి కూర్చున్నవాడూ వచ్చాడే, వచ్చి వెళ్ళిపోయినవాడూ వచ్చాడే. ఇంగ్లీషువాడికి అలా కుదరదట. ‘కేమ్’ అంటే వచ్చాడు, ఆ సంగతి ముగిసింది, తలుపు మూసేశారు. ‘హ్యాజ్ కమ్’ అంటే వచ్చాడు, ఆ రావడం తాలూకు ఏదో ఇంకా మిగిలే ఉంది, తలుపు ఓరగా వేసి ఉంది. మూసిన తలుపు మీద తేదీ రాసుకోవచ్చు, నిన్ననో మొన్ననో పోయినేడో. ఓరగా ఉన్న తలుపు మీద రాయకూడదు. “హ్యావ్‌కి ఎప్పుడు ఉండదు” అని మావయ్య అనగానే పైన స్టూడెంట్లంతా “ఉండదు, ఉండదు” అని వంత పాడతారు. కింద షాపులో గోడకి వేలాడే తాళంచెవులు గలగలమంటాయి.

నాన్నకి ఈ తలుపుల సిద్ధాంతం బొత్తిగా గిట్టదు. తలుపంటే వేసి ఉండాలి, లేదా తీసి ఉండాలి. ఓరగా ఉన్న తలుపు దొంగకి పిలుపు అంటాడు. బుద్ధెరిగినప్పటి నుంచి తాళాల మధ్యే బతికిన మనిషి మరి. “మేడ మీద ఆ మాస్టారు చెప్పే ఇంగ్లీషు వింటే ఇల్లు గుల్లవుతుంది” అని తాళాలు కొనడానికి వచ్చినవాళ్ళకి ముందుగానే హెచ్చరిక చేస్తాడు. ఆ మాస్టారు తనకే బావమరిది అన్న సంగతి ఆ క్షణంలో మర్చిపోతాడు.

అసలు చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, షాపుకి వచ్చేవాళ్ళలో సగం మంది తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళే. ఒకాయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, తాళంచెవి పోయిందండీ అన్నాడనుకోండి. మెట్లు దిగుతున్న మావయ్య అక్కడే ఆగి, పోయిన చెవి మళ్ళీ దొరికిందా అని అడుగుతాడు. దొరికితే మీ షాపుకి ఎందుకొస్తానయ్యా అని ఆయన విసుక్కుంటాడు. “అయితే ‘లాస్ట్’ కాదండీ, ‘హ్యావ్ లాస్ట్’. ఇంకా దొరకొచ్చు” అని మావయ్య ఆయన భుజం తట్టి వెళ్ళిపోతాడు. నాన్న తల బాదుకుంటాడు. దొరకొచ్చన్న ఆశతో ఆయన కొత్త చెవి చేయించుకోకుండా వెళ్ళిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఈ పిచ్చి వల్ల మావయ్య సొంతానికి పోగొట్టుకున్నదీ తక్కువేం కాదు. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఉండేది. నెమ్మదైన మనిషి. ఇద్దరూ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటూ చాలా దూరమే వచ్చారు. ఒక సాయంత్రం కాఫీ తాగుతూ ఆవిడ ధైర్యం కూడగట్టుకుని, తెలుగులో సిగ్గేసి, “ఐ హ్యావ్ లైక్డ్ యూ ఫ్రమ్ లాస్ట్ ఇయర్” అంది. మావయ్య గుండె ఆగిపోయిందట. నోరు మాత్రం ఆగలేదు. పోయినేడు నుంచి అంటే ‘ఫ్రమ్’ రాదనీ ‘సిన్స్’ అనాలనీ, ‘ఫ్రమ్’ తీసేసి ఒట్టి ‘లాస్ట్ ఇయర్’ ఉంచితే మటుకు ‘హ్యావ్’ పనికిరాదనీ మొదలుపెట్టాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది. “అయితే ఆ హ్యావ్ తీసేయండి మాస్టారూ, లైక్డ్ అనే ఉంచండి” అనేసి వెళ్ళిపోయింది.

ఈ కథ ఆయన చెప్పినప్పుడల్లా నేనూ అక్కా పడిపడి నవ్వేవాళ్ళం. ఒకసారి నవ్వాపుకుని, “ఇంతకీ ఆవిడ ‘వెంట్’ అనాలా, ‘హ్యాజ్ గాన్’ అనాలా?” అని అడిగాను. మావయ్య కిటికీలోంచి లైబ్రరీ వైపు చూస్తూ, “హ్యాజ్ గాన్” అన్నాడు. తలలో నల్లవెంట్రుకలు వెతుక్కోవాల్సిన వయసొచ్చింది. ఇప్పటికీ పెళ్ళి కాలేదా అని ఎవరైనా అడిగితే, ‘డిడింట్’ అనడు, ‘హ్యావెంట్’ అంటాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా తోడుంటానని ఒక సూట్‌కేసుతో వచ్చాడు. మేం పెద్దవాళ్ళమై చాలా కాలమైంది, ఆ సూట్‌కేసు మేడ మీదే ఉంది. “మీ మావయ్య హ్యాజ్ కమ్, ఇంకా వెళ్ళలేదు” అని నాన్న వేళాకోళం చేస్తాడు. అమ్మ మాట వచ్చినప్పుడు మాత్రం ఎవరు ఏ కాలంలో మాట్లాడినా మావయ్య దిద్దడు. అక్కడ తలుపు మూసి ఉందని ఆయనకీ తెలుసు.

ఇక మా అక్క సంగతి. తాళం విద్య నాన్న చేతుల్లోంచి అక్క చేతుల్లోకి దిగిందే తప్ప నా వైపు చూడలేదు. నాన్న పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని తాళం విప్పి బిగించేది. చదువు పూర్తయ్యాక, వేలు పెడితే తెరుచుకునే తాళాలు వస్తున్నాయి, మనమూ అవి పెడదాం అంది. తాళంచెవి లేని తాళం ఒక తాళమా అన్నాడు నాన్న. మాటా మాటా పెరిగింది. షాపు నిండా జనం ఉండగా అక్క జడలోంచి పిన్ను తీసి, నాన్న తయారుచేసిన అన్నిటికన్నా గట్టి తాళాన్ని చిటికెలో తీసి కౌంటర్ మీద పెట్టింది. జనం నవ్వారు. నాన్న ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. “నా తాళాలు నచ్చనప్పుడు నా గడపెందుకు, వెళ్ళు” అన్నాడు. అక్క ఆ సాయంత్రమే వెళ్ళింది. రైల్లో ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో, చెవుల్లేని తాళాల కంపెనీలో చేరింది. ఏళ్ళు గడిచిపోయాయి.

వెళ్ళమన్నది నాన్న గనక రమ్మనాల్సిందీ నాన్నే అంటుంది అక్క. వెళ్ళింది తను గనక రావాల్సిందీ తనే అంటాడు నాన్న. ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మా గదిలో రెండు మంచాలున్నాయి. నేను ఇప్పటికీ గోడవైపు దాని మీదే పడుకుంటాను, కిటికీ వైపుది అక్కది. అద్దంలో జడ వేసుకుంటుంటే పక్కకి జరగమని మోచేత్తో పొడిచేవాళ్ళు లేరు. నాకు మా అక్క కావాలి, అంతకన్నా ఏం చెప్పను. ఫోన్ చేస్తే, నాన్న ఏమైనా అన్నాడా అని అడిగేది. నేను ఉన్నమాట చెప్పేదాన్ని, ఏమీ అనలేదని. ఇక ఇద్దరం కంపెనీ క్యాంటీన్ గురించి మాట్లాడుకునేవాళ్ళం.

నాన్న ఆమె మాటే ఎత్తేవాడు కాదు. ఒకరోజు పాత కస్టమర్ ఒకాయన, మీ పెద్దమ్మాయి కనిపించట్లేదేమండీ అని అడిగాడు. నాన్న తల ఎత్తకుండా “పోయింది” అన్నాడు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయ్యో, చిన్న వయసు, ఎంత చురుకైన పిల్ల, ఏ జబ్బు చేసిందండీ అంటూ నాన్న చెయ్యి పట్టుకున్నాడు. మావయ్య మెట్ల మీద నుంచి సగం దొర్లుతూ సగం దిగుతూ వచ్చిపడ్డాడు. “పోలేదండీ పోలేదు. హ్యాజ్ గాన్. హ్యాజ్ గాన్ అంటే వెళ్ళి ఉంది, తిరిగి రావాల్సి ఉంది” అన్నాడు రొప్పుతూ. ఆ కస్టమర్ మాత్రం ఆ దిగులుతోనే అక్క స్టూలు మీద కూలబడబోయాడు. నాన్న గభాల్న స్టూలు పక్కకి లాగేసి, దాని కాలు విరిగిందండీ అన్నాడు. ఆ స్టూలు కాలు భేషుగ్గా ఉంది. అక్క వెళ్ళిన నాటి నుంచి ఎవరొచ్చినా అదే మాట.

అప్పుడప్పుడు భోజనాల దగ్గర మావయ్య, “అమ్మాయి మీ గురించి అడిగింది బావా” అనేవాడు, ఎటో చూస్తూ. నాన్న నములుతున్నది ఆపి, ఎప్పుడు అడిగింది అనేవాడు. “హ్యాజ్ ఆస్క్డ్. హ్యావ్‌కి ఎప్పుడు ఉండదు” అనేవాడు మావయ్య. ఏడిశావులే అని నాన్న కసురుకునేవాడు. ఆ పూట మాత్రం కంచంలో ఏమీ మిగల్చకుండా తినేవాడు.

ఇలా ఉండగా మా ఇంటి వీధితలుపు తాళం పట్టెయ్యడం మొదలైంది. ఇక్కడొక సంగతి చెప్పాలి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినా, అన్నదమ్ములు పోట్లాడుకున్నా, ఎవరింట్లోంచి ఎవరు వెళ్ళినా నాన్న ఇచ్చే మొదటి సలహా, ముందు తాళం మార్చండి అని. మా ఇంటి తాళంచెవి ఒకటి అక్క తనతో తీసుకెళ్ళింది. మా ఇంటి తాళం మాత్రం నాన్న మార్చలేదు. ఒక శనివారం మధ్యాహ్నం భోజనం చేస్తూ, రేపు పొద్దున్నే ఆ తాళం మార్చేస్తున్నానన్నాడు.

మావయ్య నెమ్మదిగా, పాత చెవులు ఇక పనిచెయ్యవా అని అడిగాడు. కొత్త తాళానికి పాత చెవి ఎలా పనిచేస్తుందయ్యా అన్నాడు నాన్న. “ఒక్కటి కూడానా?” అన్నాడు మావయ్య. నాన్న కంచంలోకి వంగి అన్నం కలుపుకున్నాడు. మావయ్య కంచం దగ్గర్నుంచి లేచి మేడెక్కాడు. మజ్జిగ పట్టుకుని వెనకాలే వెళ్ళాను. గది తలుపు దగ్గరగా వేసి ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన రహస్యంగా మాట్లాడటమంటే వీధి చివరికి మాత్రం వినపడకపోవడం. “హి హ్యాజెంట్ చేంజ్డ్ ద లాక్ యెట్. యెట్ వినపడిందామ్మా? యెట్.” అక్క మావయ్యకి మొట్టమొదటి స్టూడెంట్. యెట్ అంటే ఏమిటో ఆమెకి నేర్పింది ఆయనే.

ఆదివారం పొద్దున నాన్న తలుపు లోపలివైపు పీట వేసుకుని కూర్చుని, స్క్రూలు విప్పి పాత తాళాన్ని బయటికి తీశాడు. తలుపులో గుండ్రటి కన్నం మిగిలింది. గొళ్ళెం లేదు, తాళం లేదు, ఆ తలుపు ఇక ఓరగా ఉండటం తప్ప ఏమీ చెయ్యలేదు. మావయ్య మెట్ల మీద కూర్చుని పేపరు తిరగేసి పట్టుకుని చదువుతున్నాడు. నాన్న కొత్త తాళం డబ్బా విప్పుతున్నాడు. అప్పుడు ఆ కన్నంలోకి వచ్చే వెలుతురు ఆగిపోయింది.

“స్ప్రింగ్ పోయింది, అంతే” అంది బయట నుంచి ఒక గొంతు. “దానికోసం తాళం మొత్తం మారుస్తారా ఎవరైనా?”

నాన్న చేతిలో స్క్రూడ్రైవర్ కిందపడింది. తల ఎత్తలేదు. స్ప్రింగ్ అని ఎలా తెలుసు అన్నాడు గోడతో అన్నట్టు. నేను వెళ్ళేనాటికే అది నసుగుతోంది అంది అక్క. నాన్న తలుపు సందులోంచి పాత తాళం బయటికి చాపాడు. అక్క అందుకుంది. ఇద్దరూ గడపకి చెరోవైపు కూర్చున్నారు, మధ్యలో ఓరగా తలుపు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, పరుగెత్తుకెళ్ళి వాటేసుకోవాలని ఉంది, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అక్క జడలోంచి పిన్ను తీసి తాళంలో పెట్టింది. నాన్న ఆ పిన్ను వంకే చూస్తున్నాడు.

“అది ఇంకా ఉందా?” అన్నాడు.

ఉందంది అక్క. విరిగిన స్ప్రింగ్‌ని పిన్నుతో మీటి అరచేతిలో వేసుకుంది. తర్వాత, చేతిలోకి చూసుకుంటూనే, “నన్ను అడుగుతున్నావటగా” అంది.

“నేనా?”

“మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా చెబుతాడు. యువర్ ఫాదర్ హ్యాజ్ ఆస్క్డ్ అబౌట్ యూ అని.”

“నేనెప్పుడు అడిగాను? నువ్వే నన్ను అడిగావని కదా వాడు...” నాన్న మాట అక్కడ ఆగిపోయింది. తలుపుకి అటూ ఇటూ ఉన్న రెండు తలలూ ఒకేసారి మెట్ల వైపు తిరిగాయి. తిరగబడ్డ పేపరు ఇంకాస్త పైకి లేచింది.

“ఎప్పుడు అని అడక్కూడదు బావా” అన్నాడు మావయ్య పేపరు వెనక నుంచి. “హ్యావ్‌కి ఎప్పుడు ఉండదు. ఇన్నేళ్ళుగా మొత్తుకుంటూనే ఉన్నాను.”

“అబద్ధాలు చెప్పావన్నమాట, ఇద్దరికీ.”

మావయ్య పేపరు దించాడు. “ఆ స్టూలు మీద ఇంతవరకు ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఈ తాళం నిన్నటిదాకా మార్చలేదు. ఇది అడగడం కాకపోతే మరేమిటో మీరే చెప్పండి, దిద్దుకుంటాను.”

నాన్న వంగి స్క్రూలు ఏరుకోసాగాడు. అక్క లేచి నిలబడింది. తాళాన్ని గడప మీద పెట్టి, బ్యాగ్ పట్టీ భుజం మీదికి లాక్కుంది. “అయితే అడగలేదన్నమాట” అంది. ఆ గొంతు విన్నాక నాకు అర్థమైంది, ఇన్నేళ్ళూ తను అక్కడ ఏ ఒక్క వాక్యం పట్టుకుని బతికిందో. తెలుగులో ఆ మాట చెప్పే అలవాటు నాన్నకి లేదు. పైకప్పులోంచి ఇన్నేళ్ళుగా కారి చెవిలో పడ్డ ఇంగ్లీషు మాత్రం ఉంది.

“ఐ హ్యావ్ ఆస్క్డ్” అన్నాడు తలుపు కన్నంలోకి చూస్తూ. “యస్టర్‌డే ఆల్సో ఐ హ్యావ్ ఆస్క్డ్.”

నేను మావయ్య వైపు చూశాను. అక్క కూడా మావయ్య వైపే చూసింది. ఆయన మెట్టు మీద సగం లేచాడు. మెడనరాలు ఉబ్బాయి, పెదాలు అదిరాయి, పేపరు చేతిలో ఉండలా నలిగిపోయింది. పాపం, మింగలేక కక్కలేక ఆ మనిషి పడ్డ అవస్థ నూరు జ్వరాలకి సమానం. చివరికి గుటక వేశాడు.

“కరెక్టే బావా” అన్నాడు.

అక్క ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత తలుపు తోసుకుని లోపలికొచ్చి, కొత్త స్ప్రింగ్ ఏ డబ్బాలో ఉందని నాన్నని అడిగింది. నాన్న ఎప్పుడూ ఉండే డబ్బాలోనే అన్నాడు. ఆ రాత్రి కిటికీ వైపు మంచం మీద పక్క వేశాను. పొద్దున అద్దం దగ్గర మోచేత్తో పొడిపించుకున్నాను కూడా.

మర్నాడు మావయ్యని నిలదీశాను, యస్టర్‌డేకి హ్యావ్ ఎలా కరెక్టయిందని. ఆయన కాస్త ఆలోచించాడు. “గడిచిపోని కాలానికి హ్యావ్ వాడవచ్చే. మీ నాన్నకి ఆ నిన్న ఇంకా గడిచిపోలేదు” అన్నాడు. అంటూనే మేడ మీద ఎవరో ‘ఐ హ్యావ్ గాన్ దేర్ యస్టర్‌డే’ అన్నది విని, చెప్పులు కూడా వేసుకోకుండా గర్జిస్తూ పైకి పరుగెత్తాడు.

అక్కకి ఉద్యోగం అక్కడే. సెలవు అయిపోగానే బాగుచేసిన మా ఇంటి తాళానికి సరిపోయే తన పాత చెవినే బ్యాగులో వేసుకుని రైలెక్కింది. షాపులో స్టూలు మళ్ళీ ఖాళీ. ఆ వారమే ఎవరో వచ్చి, మీ పెద్దమ్మాయి వచ్చిందన్నారు, ఏదండీ అని అడుగుతూ దాని మీద కూర్చోబోయారు. నాన్న స్టూలు పక్కకి లాగేశాడు. కాలు విరిగిందని మాత్రం ఈసారి చెప్పలేదు.

“హ్యాజ్ గాన్ అండీ” అన్నాడు, పైకి వినపడేంత గట్టిగా. “మా అమ్మాయి కూర్చుంటుంది దాని మీద.”